డెమోలిషన్ హ్యామర్‌తో సురక్షితంగా పగలగొట్టడం ఎలా: మెషిన్ ఎంపిక నుంచి పని ముగిసేదాకా

గోడలు, కాంక్రీటు పగలగొట్టే కరెంటు సుత్తే డెమోలిషన్ హ్యామర్. దాన్ని పట్టాలంటే కండబలం ఉండాలని చాలామంది అనుకుంటారు. అసలు కావాల్సింది ఓపిక. మెషిన్‌ను గట్టిగా నొక్కేవాళ్ల పని నెమ్మదిస్తుంది, ఉలి ఇరుక్కుంటుంది, సాయంత్రానికి చేతులు వణుకుతుంటాయి. పని తెలిసినవాళ్లను గమనించండి. బరువంతా మెషిన్‌కే వదిలేసి, ఉలి ఎక్కడ పెట్టాలన్న దాని మీదే దృష్టి పెడతారు. ఒంటికి సురక్షితమైన పద్ధతే పని త్వరగా తెమిలే పద్ధతి కూడా. ఈ గైడ్ మొత్తం ఆ లెక్కలోనే సాగుతుంది.

మెషిన్ లోపల ఏం జరుగుతుంది

మోటారు ఒక క్రాంక్‌ను తిప్పుతుంది. క్రాంక్ ఒక పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. పిస్టన్ నేరుగా ఉలిని కొట్టదు. దానికీ, ముందున్న స్ట్రైకర్ అనే ఇనుప ముక్కకూ మధ్య కొంత గాలి ఉంటుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి కొడితే గాలి ఎలా ఎదురు తంతుందో, ఇక్కడ నొక్కుకున్న గాలి స్ట్రైకర్‌ను అలా విసురుతుంది. అది వెళ్లి ఉలి వెనక భాగాన్ని కొడుతుంది. ఇది నిమిషానికి వెయ్యి నుంచి రెండు మూడు వేల సార్లు జరుగుతుంది.

అంటే దెబ్బలోని శక్తి గాలి నుంచి వస్తోంది, మీ భుజం నుంచి కాదు. ఉలి ఎగిరిపోకుండా ఆనించి ఉంచే మేరకు నొక్కితే చాలు. అంతకు మించి నొక్కినా దెబ్బ బలం పెరగదు. పైగా చాలా మెషిన్లలో హ్యాండిల్ వెనక అదురును మింగే స్ప్రింగులు ఉంటాయి. గట్టిగా నొక్కితే అవి పూర్తిగా అణిగిపోతాయి. ఇక అదురంతా నేరుగా మణికట్టులోకి వస్తుంది.

ఇంకో విషయం. ఈ మెషిన్‌లో ఉలి తిరగదు, కొట్టడం మాత్రమే చేస్తుంది. రంధ్రాలు వేసే రోటరీ హ్యామర్ వేరు. రెండూ చేయగల మెషిన్ మీ దగ్గరుంటే, ఉలి బిగించే ముందు సెలెక్టర్ కొట్టే మోడ్‌లోకి పూర్తిగా వచ్చి కూర్చుందో లేదో చూడండి.

పనికి తగ్గ మెషిన్, పనికి తగ్గ ఉలి

సుమారు 5 కిలోల తరగతి మెషిన్ ఒక్కో దెబ్బకు 8 నుంచి 10 జౌళ్ల శక్తి ఇస్తుంది. టైల్స్ లేపడానికి, ప్లాస్టరింగ్ కొట్టడానికి, గోడలో పైపు గాడి తీయడానికి ఇది చాలు. 10 కిలోల మెషిన్‌లో 20 జౌళ్లు, ఆపైన ఉంటుంది. ఇటుక గోడలకు, పలుచని కాంక్రీటు ఫ్లోరింగ్‌కు ఇది సరిపోతుంది. 15 కిలోలు దాటినవన్నీ కిందికి కొట్టే పనికే. 30 కిలోల బ్రేకర్ 60 జౌళ్లకు పైగా ఇస్తుంది, దాన్ని గోడ మీదికి ఎత్తాలన్న ఆలోచనే వద్దు.

పెద్ద మెషిన్ తెస్తే పని త్వరగా అయిపోతుందనేది సగమే నిజం. గోడ పనికి 10 కిలోల మెషిన్ పట్టుకుని పావుగంటకే అలసిపోయేవాళ్లకంటే, 5 కిలోల మెషిన్‌తో నిదానంగా సాగేవాళ్లు ముందుగా ముగిస్తారు. అడ్డంగా కొట్టే పనికి, నడుము ఎత్తులో రెండు చేతులతో తేలిగ్గా నిలపగలిగిన బరువునే ఎంచుకోండి.

ఉలుల్లో ముఖ్యమైనవి మూడు. మొన ఉలి గట్టి కాంక్రీటును చీల్చడానికి. పాతిక మిల్లీమీటర్ల చదును ఉలి ఇటుకల మధ్య సిమెంటు వరుసకు, అంచులు సరిచేయడానికి. 50 నుంచి 80 మిల్లీమీటర్ల వెడల్పు ఉలి టైల్స్‌కు, ప్లాస్టర్‌కు. వెడల్పు ఉలితో గట్టి కాంక్రీటు కొట్టకండి. దెబ్బ అంతా అంచు పొడవునా పరుచుకుని కాంక్రీటు పగలదు, మెషిన్ మాత్రం చేతుల్లో ఎగిరెగిరి పడుతుంది.

5, 10 కిలోల మెషిన్లకు ఎక్కువగా ఎస్‌డీఎస్-మ్యాక్స్ రకం (గాడులున్న గుండ్రటి మొదలు) ఉలి పడుతుంది. పెద్దవాటికి ఆరు పలకల మొదలున్న ఉలి ఉంటుంది. సైజు సరిపోని ఉలిని ఏదో ఒకటి చుట్టి బిగించే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. బిగించే ముందు ఉలి మొదలును గుడ్డతో తుడిచి కొద్దిగా గ్రీజు రాయండి. లాక్ పడ్డాక గట్టిగా లాగి చూడండి. కొంచెం ముందుకూ వెనక్కూ ఆడాలి, ఊడి రాకూడదు. మొదలు భాగం పుట్టగొడుగులా విచ్చుకున్నా, ఎక్కడైనా పగులు కనిపించినా ఆ ఉలి ఇక పనికిరాదు.

ప్లగ్ పెట్టే ముందు గోడను చదవండి

మొదట తేల్చుకోవాల్సింది ఇది బరువు మోసే గోడా కాదా అన్నది. పిల్లర్, బీమ్, పైఅంతస్తు బరువు మోసే గోడ, స్లాబ్ ఇవేవైనా ఇంజినీరు చూసి చెప్పకుండా ముట్టుకోకూడదు. గోడ మందాన్ని బట్టి, తట్టి వినే శబ్దాన్ని బట్టి అంచనా వేయడం కుదరదు. టెన్షన్‌లో బిగించిన ఉక్కు తీగలుండే పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్ మరీ ప్రమాదం. ఉలి తగిలి ఆ తీగ తెగితే లోపల దాగిన బలమంతా ఒక్కసారిగా బయటపడుతుంది. పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ రేకులు, పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ పూత ఉండొచ్చనిపిస్తే కూడా మెషిన్ కింద పెట్టేయండి. ఆ పని దానికి శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిందే.

తర్వాత కరెంటు తీగలు, పైపులు. స్విచ్‌బోర్డుల నుంచి తీగలు సాధారణంగా నిట్టనిలువుగా గానీ అడ్డంగా గానీ వెళ్తాయి. కాబట్టి ప్రతి బోర్డుకూ, లైటు పాయింటుకూ నిలువు, అడ్డం గీతలు చాక్‌పీసుతో గీయండి. అయితే వైరింగ్ చేసినవాళ్లు ఎప్పుడూ ఆ పద్ధతే పాటించారన్న నమ్మకం లేదు. గోడలోని తీగలు, లోహాలు కనిపెట్టే డిటెక్టర్‌తో వీలైతే గోడ రెండు వైపులా చూడండి. డిటెక్టర్ ఏమీ లేదన్నా ఆ భాగానికి వెళ్లే సర్క్యూట్‌ను మెయిన్ దగ్గర ఆపేయండి. మెషిన్‌కు కరెంటు వేరే సర్క్యూట్ నుంచి తీసుకోండి. ఆపిన స్విచ్ మీద పనివాళ్లున్నారని చీటీ అతికించండి. లేకపోతే ఎవరో ఒకరు లైటు వెలగడం లేదని వచ్చి వేసేస్తారు.

నీళ్ల పైపులుంటే వాల్వ్ కట్టేసి, కింది కుళాయి తెరిచి ఖాళీ చేయండి. ప్లాస్టిక్ పైపులను మామూలు లోహ డిటెక్టర్ పట్టలేదు, వాటి దారి కుళాయి పాయింట్లను చూసి ఊహించాల్సిందే. గ్యాస్ పైపు ఉందన్న అనుమానం ఉంటే అది తేలేదాకా పని మొదలుపెట్టవద్దు.

గోడకు అవతల ఎవరున్నారు, నేలకు కింద ఏ గది ఉంది అన్నది కూడా ఇప్పుడే చూడాలి. ఫ్లోరింగ్ కొడుతుంటే కింది సీలింగ్ పెచ్చులు రాలతాయి. ఆ గది ఖాళీ చేయించి, తలుపు దగ్గర అడ్డు కట్టించండి.

కరెంటు సంగతి

ఈ మెషిన్లు ఎక్కువగా డబుల్ ఇన్సులేషన్‌తో, అంటే కరెంటు ఒంటికి తగలకుండా రెండు పొరల రక్షణతో వస్తాయి. నేమ్‌ప్లేట్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అదే. అలాంటి మెషిన్‌కు ఎర్త్ తీగ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ కేబుల్ పైపొర చిరిగినా, మెషిన్ తడిసినా ఆ రక్షణ పోతుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే లైన్‌ను వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే కరెంటు తీసుకోండి. దాని టెస్ట్ బటన్ ముందు నొక్కి చూడండి. పని మధ్యలో అది ట్రిప్ అవుతుంటే విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్ట్ చేసేస్తారు కొందరు. ట్రిప్ అవుతోందంటే కరెంటు ఎక్కడో కారుతోందని అర్థం. మెషిన్ ఆపి, కేబుల్ వెతకండి.

ఎక్స్‌టెన్షన్ విషయంలో చేసే పొదుపు మెషిన్‌కే ఎసరు పెడుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల మెషిన్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 50 మీటర్ల పొడవున 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడితే దారిలోనే సుమారు 16 వోల్టులు పోతాయి. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది ఆరు ఏడు వోల్టులే. వోల్టేజ్ తగ్గితే మోటారు బలహీనపడి వేడెక్కుతుంది. కేబుల్ రీల్ అయితే మొత్తం విప్పి పరచండి, చుట్టి ఉన్న తీగ తన వేడికి తానే కరిగిపోగలదు.

చాలా మెషిన్లలో స్విచ్‌ను ఆన్‌లో లాక్ చేసే బటన్ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని అలాగే వదిలేస్తే, తిరిగి వచ్చిన క్షణంలో మెషిన్ తనంతట తాను ఎగురుతుంది. కరెంటు పోగానే స్విచ్ ఆఫ్ చేయండి, ప్లగ్ పీకేయండి. ప్లగ్ పెట్టే ప్రతిసారీ స్విచ్ ఏ స్థితిలో ఉందో చూడడం అలవాటు చేసుకోండి. కేబుల్ ఎప్పుడూ మీ వెనక నుంచే రావాలి, ఉలికీ మీ కాళ్లకూ మధ్య నుంచి కాదు.

ఒంటి మీద ఏముండాలి

కళ్లకు పక్కల నుంచి కూడా మూసి ఉండే గాగుల్స్ పెట్టండి, మామూలు కళ్లజోడు చాలదు. కాళ్లకు ముందు ఉక్కు టోపీ ఉన్న బూట్లు, తలకు హెల్మెట్, చేతులకు వదులుగా లేని గ్లోవ్స్. వేలాడే దుస్తులు, మెడలో తువ్వాలు వద్దు. వీటి గురించి అందరికీ తెలుసు. తెలిసినా తేలిగ్గా తీసుకునేవి శబ్దం, దుమ్ము.

ఈ మెషిన్ నడిపేవారి చెవి దగ్గర శబ్దం 95 నుంచి 105 డెసిబెళ్ల మధ్య ఉండటం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెళ్లకు వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. మూసిన గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి కొడతాయి కాబట్టి చెవిలో ప్లగ్, పైన చెవిని కప్పే మఫ్ రెండూ పెట్టుకోవడం మేలు. పక్కన పెళ్లలు ఎత్తే మనిషికి కూడా ఇవి కావాలి.

చెవులు మూసుకున్నాక కేకలు వినపడవు. సహాయకుడితో ముందే మాట్లాడుకోండి, చెయ్యి పైకెత్తితే వెంటనే ఆపాలని. ఏ కారణానికైనా వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు, కళ్లకు కనపడేలా ముందు వైపు నుంచి రావాలి.

దుమ్ము విషయం మరీ ముఖ్యం. కాంక్రీటు, ఇటుక, రాయి, ఇసుక అన్నిట్లోనూ సిలికా ఉంటుంది. పగిలినప్పుడు కంటికి కనిపించని సన్నని సిలికా రేణువులు గాలిలోకి లేస్తాయి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లి అక్కడే ఉండిపోయి, ఏళ్ల తరబడి మచ్చలు చేస్తాయి. అదే సిలికోసిస్. పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ధూళిని 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం, 8 గంటల పని సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించకూడదు. చిటికెడు దుమ్ముతో పోల్చినా అది లెక్కలోకి రానంత కొద్ది. కంటికి దుమ్ము కనిపిస్తోందంటే హద్దు ఎప్పుడో దాటి ఉండొచ్చు.

ముఖానికి చుట్టిన గుడ్డ, సర్జికల్ మాస్క్ ఈ రేణువులను ఆపవు. ఎన్95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎఫ్‌ఎఫ్‌పీ3 గానీ కావాలి. మూసిన గదిలో ఎక్కువసేపు పని అయితే ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్క్ నయం. గడ్డం ఉంటే మాస్క్ అంచు ముఖానికి ఆనదు, దుమ్ము పక్క దారిలో లోపలికి పోతుంది.

మాస్క్ కన్నా ముందు దుమ్ము లేవకుండా చూడటం మంచిది. ఉలికి తొడిగే కప్పు, దానికి కలిపిన వ్యాక్యూమ్ ఉంటే అన్నిటికన్నా సుఖం. లేకపోతే రెండో మనిషి చేతి స్ప్రేతో ఉలి కొట్టే చోట సన్నని తుంపర కొట్టాలి. కరెంటు మెషిన్‌తో నీళ్లు వాడుతున్నామని మరవకండి. తుంపర మెషిన్ గాలి రంధ్రాల వైపు పోకూడదు, కాళ్ల దగ్గర మడుగు కట్టకూడదు, కేబుల్ జాయింట్లు తడి నేల మీద ఉండకూడదు. పొడి దుమ్మును చీపురుతో ఊడిస్తే అప్పటిదాకా అణిచిందంతా మళ్లీ లేస్తుంది. తడిపి ఎత్తండి.

కొట్టడం మొదలుపెట్టాక

రెండు చేతులూ రెండు హ్యాండిళ్ల మీద ఉండాలి. పక్క హ్యాండిల్ మీ పొడవుకు తగ్గట్టు తిప్పి బిగించండి. కాళ్లు ఎడంగా, ఒకటి కొంచెం వెనక్కి. నేల మీద కొట్టేటప్పుడు పాదాలు ఉలి జారే దారిలో ఉండకూడదు. ఉలిని ముందు ఉపరితలానికి ఆనించి, ఆ తర్వాతే స్విచ్ నొక్కండి. గాలిలో ఉండగా నడిపితే లోపలి భాగాలు పాడవుతాయి, ఉలి పడే చోటు కూడా మీ చేతిలో ఉండదు. చల్లటి వాతావరణంలో గ్రీజు గట్టిపడి మొదట దెబ్బ మందంగా పడొచ్చు, ఒకటి రెండు నిమిషాలు తేలిగ్గా పని చేయిస్తే సర్దుకుంటుంది.

అసలు రహస్యం అంచులో ఉంది. కాంక్రీటు పగలాలంటే పగిలిన ముక్క పోవడానికి చోటు కావాలి. మధ్యలో పెట్టి ఎంత కొట్టినా ఉలి లోపలికి దిగుతుంది గానీ ముక్క ఊడదు, చుట్టూ ఉన్న కాంక్రీటు దాన్ని బిగించి పట్టుకుంటుంది. కాబట్టి ఏదో ఒక ఖాళీ అంచు నుంచి మొదలుపెట్టండి. అంచు లేకపోతే మధ్యలో మొన ఉలితో చిన్న గొయ్యి తీసి ఒక అంచు తయారుచేసుకోండి. అక్కడి నుంచి అంచుకు 5 నుంచి 10 సెంటీమీటర్ల లోపల ఉలి పెడుతూ వెనక్కి జరగండి. కొంచెం వాలుగా, అంచు వైపు చూసేలా పెడితే ముక్క తేలిగ్గా విడిపోతుంది. పది పదిహేను సెకన్లలో పగలకపోతే మొండిగా అక్కడే ఉండొద్దు. ఉలి తీసి అంచుకు ఇంకా దగ్గరగా పెట్టండి.

ఉలి ఇరుక్కుందంటే సాధారణంగా ఒకే చోట ఎక్కువసేపు కొట్టారన్నమాట. మెషిన్‌ను అటూ ఇటూ ఊపి లాగడం, దాన్ని గడ్డపారలా వాడి ముక్కలు లేపడం రెండూ వద్దు. నడుము పట్టేస్తుంది, ముందు భాగం వంగిపోతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, లాక్ విప్పి ఉలిని అక్కడే వదిలేయండి. రెండో ఉలి బిగించి పక్కనే కొడితే మొదటిది దానంతట అదే వదులవుతుంది. అందుకే పనికి వెళ్లేటప్పుడు కనీసం రెండు ఉలులు ఉండాలి. పెళ్లలు లేపడానికి నిజం గడ్డపారే వాడండి.

లోపల ఇనుప చువ్వలు తగిలితే శబ్దం మారుతుంది, మెషిన్ ఎగురుతుంది. చువ్వ మీద కొడుతూ ఉండకండి, ఉలి మొన పోతుంది. దాని పక్కల కాంక్రీటు తీసి చువ్వను బయటపెట్టి, కోయాల్సిందైతే కట్టర్‌తో కోయండి. కోయాల్సిన చువ్వ కాదేమోనని అనుమానం వస్తే అది మళ్లీ ఇంజినీరు ప్రశ్నే.

గోడ అయితే పై వరుస నుంచి కిందికి దిగుతూ రండి, ఒక్కోసారి కొద్ది కొద్దిగా. కింద తవ్వి పైది కూలబెట్టడం చూడటానికి తెలివైన పనిలా ఉంటుంది. కానీ ఎటు, ఎప్పుడు కూలుతుందో చెప్పేవారు ఎవరూ ఉండరు. నిచ్చెన మీద నిలబడి ఈ మెషిన్ నడపకూడదు, రెండు చేతులూ మెషిన్ మీదే ఉంటే నిచ్చెనను పట్టుకునేదెవరు? కదలని, పక్కలు కట్టిన పరంజా వేసుకోండి. భుజాల కన్నా పైకి కొట్టాల్సి వస్తే పరంజా ఎత్తు పెంచండి, చేతులు కాదు. పెళ్లలను పైఅంతస్తు నేల మీద కుప్పగా పోయకండి, ఆ బరువు మోయడానికి స్లాబ్ సిద్ధంగా ఉండకపోవచ్చు. ఎప్పటికప్పుడు దించేయండి.

చేతులకు ఎంత సమయం

1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కేవాళ్ల వేళ్లు తెల్లబడి మొద్దుబారడాన్ని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించారు. వాళ్లు గాలితో నడిచే సుత్తులు వాడేవారు. అదురు వల్ల వేళ్లలోని నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. మొదట పని తర్వాత చిమచిమలు, తర్వాత చలికి వేళ్లు తెల్లబడటం, ముదిరితే చొక్కా బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టం. ముదిరాక వెనక్కి రాదు.

యూరప్‌లో 2002 నాటి అదురు నిబంధన రెండు హద్దులు పెట్టింది. 8 గంటల సగటు 2.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటితే యాజమాన్యం చర్య తీసుకోవాలి, 5 అసలు దాటకూడదు. మీ మెషిన్ మాన్యువల్‌లో అదురు విలువ ఉంటుంది. ఉదాహరణకు అది 10 అయితే అరగంటలో మొదటి హద్దు, రెండు గంటల్లో రెండోది వచ్చేస్తాయి. 20 అయితే ఏడున్నర నిమిషాలు, అరగంట. ఇవి స్విచ్ నొక్కి ఉన్న సమయం లెక్క, సైట్‌లో ఉన్న సమయం కాదు. మాన్యువల్ విలువ కన్నా నిజమైన పనిలో అదురు ఎక్కువే ఉండొచ్చు.

అదురు తగ్గిస్తాయని అమ్మే గ్లోవ్స్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నిమిషానికి 1400 దెబ్బలంటే సెకనుకు 23 మాత్రమే. అంత నెమ్మది అదురును గ్లోవ్స్ లోపలి మెత్తటి పొర పెద్దగా ఆపలేదు. అవి చేతిని వెచ్చగా ఉంచుతాయి, అది మాత్రం పనికొచ్చే విషయమే. నిజంగా పనిచేసేవి మూడు: అదురు తగ్గించే హ్యాండిల్ ఉన్న మెషిన్, పదునైన ఉలి, ఇద్దరు మనుషులు వంతులవారీగా కొట్టడం. పట్టు కూడా వీలైనంత వదులుగా ఉండాలి.

ఆపాక

ఉలి మార్చాలన్నా, మెషిన్ పక్కన పెట్టి వెళ్లాలన్నా ముందు ప్లగ్ తీయండి. ఉలి మొన చేయి కాలేంత వేడిగా ఉంటుంది, గ్లోవ్స్‌తోనే పట్టుకోండి. గాలి రంధ్రాల్లో దుమ్ము తుడవండి. మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగితే లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, మెషిన్ ఆగి ఆగి నడుస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన కనీస పొడవుకు రాకముందే రెండింటినీ కలిపి మార్చండి. దెబ్బ బలం తగ్గి మోటారు శబ్దం మాత్రం మామూలుగానే ఉంటే, లోపలి ఓ-రింగులు (గాలిని ఆపే రబ్బరు వలయాలు) అరిగి గాలి కారుతుండవచ్చు. అది సర్వీసు పని.

మొద్దుబారిన ఉలిని గ్రైండర్‌కు పెట్టేటప్పుడు తొందరపడకండి. కొంచెం కొంచెం రుద్దుతూ మధ్యలో నీళ్లలో ముంచి చల్లబరచండి. మొన నీలి రంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, అది రేపు మొదటి చువ్వకే వంగుతుంది. ఆ నీలి భాగం పోయేదాకా మళ్లీ నిదానంగా అరగదీయాలి.